ఎవరును చెప్పని సముద్రము

వర్షర్తువు తన కడపటి మేఘకుంభమును కాకినాడ రేవుపై కుమ్మరించి వట్టిచేతులతో తరలిపోయిన పిమ్మట శరత్కాలసూర్యుడు కడిగినట్టి నీలాకాశమున నెలకొని ఉప్పుటేటి జలములపై వెలుగురేకలు పఱచుచు ఒడ్డున బోర్లించిన నావల పార్శ్వములను వెచ్చజేయుచు జగన్నాథపురపు వంతెనమీద గొడుగులు ముడిచి నడచు జనుల ముఖముల ప్రసన్నత నింపుచుండెను. రేవునుండి వచ్చు ఉప్పుగాలియు మిఠాయి యంగళ్లనుండి వచ్చు పాకపు తావియు వీథిమలుపున ఒండొంటితో కలహించి యేదియు గెలువజాలక తుదకు కలసిమెలసి సంచరించుచుండెను. అట్టి ప్రశాంతాపరాహ్ణమున ఆ వీథి యెల్లను కునుకుచుండగా భ్రమరాంబ కాజాల యంగడిలో మాత్రము ఒక మహాదుర్గము కూలిపోవుచుండెను.

కూలుట నిజమే గాని ఆ దుర్గము లోకులు ట్యాబని పిలుచు చేతిపలకలోనిది. దాని నేలుచుండిన మహారాజ్ఞి మఱెవ్వరో కాదు, భోజనానంతరము గిరాకీ రాకమునుపు దొరకు అరగంట విరామమున రాజ్యములు గెలుచుచు పోగొట్టుకొనుచు నుండు ఆ యంగడి యజమానురాలు భ్రమరాంబయే. ముక్కుకొనకు జాఱిన కళ్లజోడు మీదుగా లోకమును పరిశీలించుచు పాకము తీగకు వచ్చినదో ముదిరినదో వాసనచేతనే చెప్పగలిగిన యామె నాలుక పదును ఆ పేటయందంతటను ప్రసిద్ధము. ఆమె ప్రక్కను పీటపై కూర్చుండి యొక్క సలహాయు నీయక ఆమె వ్రేళ్లవంకనే చూచుచున్న యువతి ఆమె అక్క కూతురు వకుళ.

“చచ్చింది! ఒసేయ్ అమ్మడూ, ఆ గుమ్మం దగ్గర ఎటు తిప్పాలే? చెబితే నీ సొమ్మేం పోయిందే?”

“నేను చెప్పకూడదు పిన్నీ. నువ్వెక్కడ తికమక పడతావో నాకు తెలియాలి.”

“చూడు తల్లీ, బాగా చూడు. నా కోట కూలితే నీకు సినిమా!”

ఈ విపరీతపు మౌనవ్రతమునకు కారణము చెప్పవలసియున్నది. క్రీడాదర్పణమను అంతర్జాలపత్రికయందు ‘ఆడబోవువారికి’ అను శీర్షిక క్రింద వీడియో గేములనెడి దృశ్యక్రీడలకు సమీక్షలు వ్రాయుట వకుళ వృత్తి. ఆ వృత్తిలోనికి ఆమెను దింపినది ఒక నిమ్మకాయ. కొన్నియేండ్ల క్రిందట ఒక సమీక్షకశిఖామణి నూటికి తొంబదియాఱు మార్కులిచ్చి ఆకాశమున కెత్తిన యొకానొక క్రీడను భ్రమరాంబ కొని ఆడబూనగా అందలి దృశ్యము బొంగరమువలె గిరగిర తిరుగుటచే ఆమెకు కన్నులు తిరిగి కడుపు త్రిప్పి నుదుట నిమ్మచెక్క అద్దుకొని కాజాల పళ్లెముల నడుమ బల్లపై పవ్వళింపవలసి వచ్చెను. నాటి సాయంకాలము వకుళ ఆ సమీక్షను ఆద్యంతము చదివి చూచెను. అందు నాయకుని కవచపు మెఱుగు వర్ణింపబడియుండెను, సంగీతము కొనియాడబడియుండెను, పూర్వక్రీడలతోడి తారతమ్యము సవిస్తరముగ చర్చింపబడియుండెను, తల తిరుగునను ఒక్క ముక్క మాత్రము లేదు. తక్కువైన ఆ నాలుగు మార్కులును దేనికొఱకో ఆ మహానుభావుడు చెప్పనే లేదు. పిన్నికి కావలసినదంతయు ఆ నాలుగింటిలోనే దాగియుండెనని వకుళకు నాడు తోచినది.

ఆనాటినుండి ఆమె ప్రతి సమీక్షను ఎదుట పిన్ని కూర్చుండి అడుగుచున్నట్లును తాను బదులు చెప్పుచున్నట్లును వ్రాయుచుండెను. నడుమ గిరాకీ వచ్చి ఆపినచో ఆడినదంతయు నీటిపాలగునా? అక్షరములు కళ్లజోడు వారికి కనబడునా? సగము ధరకు కొన్న ఫోనులో నడుచునా? ఇట్టి ప్రశ్నలకు కవచపు మెఱుగు సమాధానము కాదుగదా! సమీక్ష తుదను ‘ఇది ఎవరికి పడదు’ అని యొక పేరా వ్రాయుట ఆమెకు నియమము. అంతకంటెను గట్టి నియమము మఱియొకటి కలదు. క్రీడానిర్మాతలు సమీక్షకులకు ముందుగా ఉచితముగ పంపు ప్రతులను ఆమె తెఱవకయే మరలించి, విడుదలయైన దినమున పదిమందివలె తానును ఒక ప్రతిని కొని, మొదటి మెట్టునుండి ఆడెడిది. అందుచేత ఆమె సమీక్ష ఎల్లప్పుడును పదిమంది సమీక్షలకు వెనుక వచ్చెడిది. పెండ్లి ముగిసిన పిమ్మట వచ్చిన పురోహితునివలె నున్నావని తోడివారు పరిహసించెడివారు. పరిహాసము ఆమెకు నొప్పి కలిగింపకపోలేదు. కాని చిన్న పట్టణముల పాఠకులెందఱో ఆమె మాట చూచిన పిమ్మటనే కొనుచుండిరి. ఆ నమ్మకమే ఆమె యాస్తి.

ఇట్లుండగా సప్తద్వీపమను నౌకాక్రీడ విడుదలయై తెలుగునేల నలుదెసలను మాఱుమ్రోగెను. కాకినాడ బిడ్డయే యగు ముక్తేవి ప్రణవి యను క్రీడాశిల్పి తన చిన్న బృందముతో ఏండ్ల తరబడి తపించి నిర్మించిన యా క్రీడయందు ఆటగాడు ఒంటిస్తంభపు ఓడనెక్కి యేడు దీవులను దర్శింపవలెను. అలలమీద పడు వెన్నెలను చూచినవారు చేతిపలక తడిసెనేమో యని తుడుచుకొనిరట! క్రీడాదర్పణమున ప్రధానసమీక్షకుడును మార్కుల మహారాజని బిరుదు వహించినవాడును అగు వక్కలంక శేషసాయి విడుదలనాటి ఉదయముననే నూటికి తొంబదితొమ్మిది మార్కులు ప్రసాదించి, ద్వీపమునుండి ద్వీపమునకు నౌక గోదావరి ప్రవాహమువలె సాగిపోవునని వ్రాసెను. తక్కినవారును అదే పాట పాడిరి. రెండు వారములకు వకుళ సమీక్ష వెలువడెను. ఆమెయు ఆ క్రీడ సౌందర్యమును మనసార మెచ్చినది గాని తుదిపేరాలో నిట్లు వ్రాసినది:

“మూడో ద్వీపం దాటాక ఒక సముద్రం వస్తుంది. అందులో ఏమీ లేదు. శత్రువులు లేరు, నిధులు లేవు, అంతవరకు దారి చెప్పిన చిలక కూడా అక్కడ నోరు విప్పదు. చుక్కాని పట్టుకుని ఊరికే పోతూ ఉండాలి. రోజుకో అరగంట ఆడేవారికి రెండు వారాలైనా పట్టొచ్చు. ఎప్పుడు ఆపినా ఓడ ఉన్నచోటే ఉంటుంది, తల తిరగదు. నాకు మాత్రం విసుగెత్తింది. నాలుగో ద్వీపం తొందరగా చూడాలనుకునేవారికి ఈ ఆట పడదు.”

పిన్ని దుర్గము కూలిన ఆ అపరాహ్ణముననే ఈ పేరా ఫలితము ఫోను రూపమున మ్రోగెను. అవతల పత్రికాసంపాదకుడు ఇవటూరి కామేశ్వరము.

“అమ్మా వకుళా, ఏం రాశావమ్మా అది? ఒకే పత్రికలో ఒకాయన గోదారిలా సాగిపోతుందంటాడు, నువ్వు రెండు వారాల సముద్రం అంటావు. శేషసాయి గారు మండిపడుతున్నారు. ఆయన ఆట మొత్తం ఆడారు, అలాంటి సముద్రం ఎక్కడా లేదంటున్నారు.”

“ఉందండి. నేను దాటి వచ్చాను.”

“నువ్వు దారి తప్పి అక్కడక్కడే తిరిగావేమో చూసుకో. నేను నీకు శత్రువును కాదు. కాని పాఠకులకు ఎవరి మాట నిజమో చెప్పాలి కదా? ఆదివారం క్రీడారసిక సమాజం వారి సభ ఉంది, ప్రణవి గారికి సన్మానం. అక్కడే అందరి ముందూ తెరమీద చూపించు. చూపలేకపోతే ఆ మాట వెనక్కి తీసుకోవాలి. నీ శీర్షిక శేషసాయి గారికి ఇవ్వక నాకు తప్పదు.”

ఫోను క్రింద పెట్టిన వకుళ ముఖము వెలవెలబోయెను. శీర్షిక పోవుట యొక దుఃఖము; అది భరింపదగినదే. ఆమె మాట నమ్మి కొనుచు మానుచునున్న వారందఱును ఆమె అబద్ధమాడెనని యనుకొనుట భరింపరానిది. అంతకంటెను లోతైన భయ మొకటి ఆమెను కలచివైచినది: శేషసాయి అసత్యవాది కాడు. గర్విష్ఠియే గాని ఆడని ఆటను ఆడితినని చెప్పు నీచుడు కాడని ఆమె యెఱుగును. ఆయన చూడని సముద్రమును తానెట్లు చూచినది? నిజముగ దారి తప్పి గిరగిర తిరుగుచు దానినే సముద్రమని భ్రమించితినా? సమీక్షకురాలికి తన కన్నులమీద తనకే సందేహము పుట్టుటకంటె వేఱు శిక్ష యేమి కావలెను?

“ఏవిటే, అంత దిగులు?” అని భ్రమరాంబ కళ్లజోడు సవరించుకొనెను. “ఆ సముద్రం నువ్వు చూశావా, లేదా?”

“చూశాను పిన్నీ.”

“మరింకేం? పాకం ముదిరిందని నేనంటే లేదని పదిమందీ అన్నా కాజా గట్టిగానే ఉంటుంది. పోయి చూపించు. అవునూ, ఆ ఆట నేను కొనుక్కోవచ్చా?”

“వద్దు పిన్నీ! నీకసలు పడదు. నీది అరగంట ఆట, అది అంతులేని నీళ్లు.”

“ఆహాఁ” అని మాత్రము పలికి భ్రమరాంబ తూకపు బల్లవైపు తిరిగెను. ఆ యొక్క మాటయందు ఎంత దాగియున్నదో వకుళ నాడు గమనింపలేదు.

ఆదివారము సాయంసమయమున సముద్రపుగాలికి తోరణములు రెపరెపలాడుచుండగా పురమందిరము క్రిక్కిఱిసిపోయెను. విద్యార్థులు, గుమాస్తాలు, రేవున క్రేనులు నడుపువారు, పిల్లలతోడి తల్లులు, తల్లులకంటె నధికముగ నాడు నాయనమ్మలు, ఇట్లు దృశ్యక్రీడారసజ్ఞులు బారులు తీఱి కూర్చుండిరి. వేదికపై ప్రణవి పట్టుశాలువ భుజముల మోయలేక మోయుచు సిగ్గుతో తలవంచుకొని యుండెను. నడుమ నొక గోడయంత తెల్లని తెఱ వ్రేలాడుచుండెను. ఆ తెఱకు కుడివైపున జరీయంచు ఉత్తరీయమును సవరించుకొనుచు శేషసాయియు, ఎడమవైపున పాత ట్యాబును రొమ్మున కద్దుకొని వకుళయు నిలిచిరి. పూర్వము రాజసభలలో కవులు తలపడిరని వినియుంటిమి గాని పాఠకమహాశయా, ఇచటి సమరము పద్యముకొఱకు కాదు, ఉప్పునీటికొఱకు.

శేషసాయి మొదట తన పలకను తెఱకు కలిపెను. దీపమాలికవలె ఏడు దీవులును ఒక్కపెట్టున వెలుగొందెను. ఆయన మూడవ దీవినుండి నాలుగవదానిపై వ్రేలు మోపినంతనే తెల్లని తెఱచాప నిండి నౌక తేలికగా తిరిగి కనుఱెప్పపాటులో రత్నకాంతులీను తీరమును చేరెను. సభ హోరున చప్పట్లు చఱచెను.

“ఇదండీ సంగతి” అని శేషసాయి చేతులు చాచెను. “వకుళ గారు చెప్పిన సముద్రం ఎక్కడుందో మీరే వెతికి పెట్టండి.”

వకుళ తన పలకను తెఱకు కలిపినది. దానియందు తాను తుదివఱకు ఆడిన ఆటను కాక, సభకు చూపుటకై మరల మొదటినుండి మొదలిడి మూడవ దీవివఱకు తెచ్చిన ఆటను తెఱచినది. మూడు దీవుల దీపములు మాత్రము వెలుగుచుండెను. తక్కిన నాలుగును చీకటిలో నుండెను. ఆమె చుక్కాని పట్టినది. తీరము వెనుకకు తగ్గెను. చిలుక నోరు మూసికొనెను. అంతట నీరు, నీటిపై నీరు, నీటి కవతల నీరు. సభాసదులు చూచిరి, చూచిరి, దగ్గిరి, తమలో తాము గుసగుసలాడిరి. నౌక పోవుచునే యుండెను.

“ఆడలేక మద్దెల ఓడన్నారట!” అని శేషసాయి నవ్వెను. “దారి తప్పారండి. అంతే.”

సభ గొల్లుమని నవ్వెను. ఆ నవ్వు కొరడావలె తగిలినను వకుళ చూపు మాత్రము తెఱమీదనుండి కదలలేదు. పిన్ని వ్రేళ్లను ఏండ్లుగా మౌనముగ చూచుచు అలవడిన చూపు అది. ఎవరు ఎచట తడబడిరో కాదు, ఆ తడబాటునకు ముందు ఎదుట నేమున్నదో చూచు చూపు. శేషసాయి పలక తెఱచినపుడు ఎదుట నేమున్నది? ఏడు దీపములు. తాను తెఱచినపుడు? మూడు. ఆమె కనులలో మెఱుపు పుట్టినది.

“శేషసాయి గారూ, ఒక్క మాట అడగనా? ఈ ఆట మీరు మొట్టమొదటిసారి తెరిచిననాడు ఎన్ని దీపాలు వెలుగుతున్నాయండి?”

“ఏడూనండి. ఎప్పుడూ ఏడే.”

ఆమె వేదికకు నడుమ నున్న ప్రణవివైపు తిరిగెను.

“ప్రణవి గారూ, డబ్బిచ్చి కొనుక్కున్న వాళ్లు మొదటిసారి తెరిస్తే ఎన్ని వెలుగుతాయి?”

ప్రణవి శాలువ జాఱవిడిచి మెల్లగా లేచెను.

“ఒక్కటేనండి. మిగతావి ప్రయాణం చేసి వెలిగించుకోవాలి.” ఆమె శేషసాయి పలకవైపు చూచెను. “సమీక్షకులకు తీరిక ఉండదని వాళ్లకి పంపే ప్రతిలో అన్ని ద్వీపాలూ ముందే తెరిచి పంపుతామండి. మా రంగంలో అందరూ చేసేదే. తెరిచి ఉంటే మధ్య సముద్రం రాదు, తిన్నగా తీరానికి తీసుకుపోతుంది. ఆ సంగతి నాకు తట్టనే లేదు. విడుదలైన రోజు నుంచీ ప్రతి సమీక్షా చదువుతున్నాను. ఆ సముద్రం గురించి ఎవరూ ఒక్క మాటైనా రాయలేదేమిటా అని కుమిలిపోయాను. మా ఆటకి ప్రాణం అదేనండి. దాన్ని చూసింది ఈవిడ ఒక్కరే.”

అంతట మూడవ వరుసనుండి రేవున క్రేను నడుపు నడివయస్కు డొకడు లేచి తువాలుతో మెడ తుడుచుకొనెను.

“నేను పోయిన వారం నుంచీ ఆ నీళ్లలోనే ఉన్నానండి” అనెను. “అందరూ గోదారి అన్నారు కదా, నాకే చేతకావట్లేదు కాబోలని ఇంట్లో కూడా చెప్పలేదండి.”

“ఆయ్, నేనూ అంతేనండి!” అని యొక స్త్రీకంఠము.

“మాదీ అక్కడే ఆగింది!” అని విద్యార్థుల గుంపు.

పిమ్మట నెవరేమనుచున్నారో తెలియలేదు. ఒకరి వెంట నొకరు, వరుస వెంట వరుస, ఇన్నాళ్లును తమ తమ గదులలో తలుపులు మూసికొని తామొక్కరమే అసమర్థులమని సిగ్గుపడుచు ఆ నిర్జనజలధిలో తేలుచుండిన వారందఱును ఒకే పురమందిరమున ఒకరినొకరు కనుగొని చేతులు పట్టుకొని నవ్వసాగిరి. కొందఱు నవ్వుచునే కన్నులు తుడుచుకొనిరి. అప్పుడు వకుళకు కలిగిన యానందము గెలుపువలనిది మాత్రమే కాదు. తన మాట నిజమని తేలుట సంతోషమే గాని, తన మాటవలన ఇంతమందికి తమ కన్నులమీద తమకు నమ్మకము తిరిగివచ్చుట మహాసంతోషము. ఆమె కంట నీరు నిండెను; ఆమె దానిని దాచుకొనలేదు.

శేషసాయి ఉత్తరీయము భుజమునుండి జాఱి నేల వ్రాలెను. ఆయన దానిని తీసికొనకయే వకుళ దగ్గఱకు నడచివచ్చి చేతులు జోడించెను. గర్విష్ఠియే గాని నీచుడు కాడని చెప్పియుంటిమి గదా.

“అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక మెతుకు చాలనుకున్నానండి, వకుళ గారూ.”

“మెతుకు చాలండి” అని ఆమె నవ్వినది. “కాకపోతే అది అందరూ తినే కుండలోది అయ్యుండాలి. మన కోసం విడిగా వండి పెట్టింది చూసి లాభం ఏముందండి?”

సభ మరల చప్పట్లతో దద్దఱిల్లెను. కామేశ్వరము ముందుకు వచ్చి, ‘ఆడబోవువారికి’ శీర్షిక వకుళదేననియు ఇకమీదట క్రీడాదర్పణమున నెవరు సమీక్ష వ్రాసినను కొన్న ప్రతినే యాడి వ్రాయవలెననియు ప్రకటించెను. క్రేను నడుపునతడు సంతోషముతో ఫోను జేబులో వేసికొని “అయితే నేనిక నిశ్చింతగా మానేస్తానండి, నాకంత ఓపిక లేదు” అనగా ప్రణవి కూడ పకపక నవ్వినది. కథ యిచట ముగిసినను కొఱతలేకుండును. కాని వెనుక వరుసలో నొక కళ్లజోడు తళుక్కుమనెను.

“ఆగండి, ఆగండి! నన్నెవరూ అడగరేం?” అని భ్రమరాంబ జనమును తోసికొనుచు వేదికయొద్దకు వచ్చి చేతిపలకను పై కెత్తి చూపెను. ఆ పలకమీద మూడు దీపములు. నడుమ అంతులేని నీరు. అందొక చిన్న ఓడ.

వకుళ నిర్ఘాంతపోయినది. “పిన్నీ! కొనొద్దని చెప్పాను కదా!”

“చెప్పావు. అంతకుముందే రాశావు కూడా. నీ నోటి మాట వినలేదు, నీ రాత విన్నాను” అని భ్రమరాంబ సభవైపు తిరిగెను. “చూడండి బాబూ, ఇది ఏం రాసింది? శత్రువులు లేరు, చిలక నోరు విప్పదు, ఎప్పుడు ఆపినా ఓడ ఉన్నచోటే ఉంటుంది, తల తిరగదు, ఊరికే పోతూ ఉండాలి అని. దీనికి విసుగెత్తిందట! నాకు పొద్దున్న లేస్తే గిరాకీ గోల, పనివాళ్ల గోల, పాకం గోల. మధ్యాహ్నం అరగంట నాతో ఎవరూ మాట్లాడని చోటు ఎక్కడైనా ఉందా అని పాతికేళ్లుగా వెతుకుతున్నాను. అది చదివిన రోజే కొనేశాను. ఎవరి పిచ్చి వారికి ఆనందం!”

ప్రణవి వేదిక దిగి పరుగున వచ్చి భ్రమరాంబను కౌఁగిలించుకొనెను. వారిరువురును ఒకరినొకరు ఎన్నడును చూచి యెఱుగరు. అయినను ఒకరు నిర్మించినది మఱియొకరికొఱకేయని ఆ క్షణమున తెలిసినది. వారిని కలిపినది పొగడ్త కాదు, వకుళ తనకు నచ్చలేదని వ్రాసిన పేరా. ఏ వాక్యము నిజమని తేలగా క్రేను నడుపునతడు విడుదల పొందెనో ఆ వాక్యమే చదివి భ్రమరాంబ విశ్రాంతి పొందెను. తన యభిరుచిని పిన్నికి అంటగట్టబోయి వకుళ నోట తప్పినను చూచినది చూచినట్లు వ్రాసిన ఆమె వ్రాత తప్పలేదు. తన వ్రాత చేతిలో తానే ఓడిపోతినని గ్రహించి ఆమె ఆ సాయంకాలమంతయు నవ్వుచునే యుండెను. ఓడిపోయి యింత గర్వించినవారు మఱొకరు లేరని నా నమ్మకము.

తరువాతి దినములలో జగన్నాథపురమున నొక వింత కనబడసాగెను. మధ్యాహ్నము కాగానే మార్కుల మహారాజు వక్కలంక శేషసాయి తాను క్రొత్తగా కొన్న ప్రతితో, అందు వెలుగు ఒకే ఒక్క దీపముతో, కాజాల యంగడికి వచ్చి భ్రమరాంబ ప్రక్కను పీటపై చతికిలబడెడివాడు. “అమ్మా, ఈ సుడిగుండం దగ్గర ఎటు తిప్పాలండి?” అని ఆయన దీనముగ అడుగగా ఆమె “చెప్పకూడదండి, మా అమ్మడి రూలు” అని కాజా యొకటి చేతిలో పెట్టెడిది. వకుళ వారిద్దఱి వ్రేళ్లను చూచుచు ఏమియు పలుకక కూర్చుండెడిది. శేషసాయి మార్కులిచ్చుట మానలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి అంత సులభముగ పోవునా? కాని యిపుడు తక్కువైన ప్రతి మార్కు ప్రక్కనను అది యెందుకు తగ్గినదో, ఎవరికి తగ్గినదో వ్రాయుచుండెను.

మెచ్చుటయు తెగడుటయు చెప్పువాని నాలుకకు సంబంధించిన రుచులు; అవి వానితోనే యుండును. చూచినదానిని దాచక కల్పింపక ఎదుటివాని చేతిలో పెట్టుట మాత్రము వినువాని రుచికి చేయు గౌరవము. అట్టి మాట పట్టుకొని ఒకడు తీరమునకు పోవును, మఱియొకడు కడలికి పోవును. ఇద్దఱును చెప్పినవానిని దీవించుచునే పోవుదురు.

ఒకనాటి అపరాహ్ణమున పాకపు తావి వీథి నంతయు నింపుచుండగా భ్రమరాంబ నౌకకు ముందు చీకటినీటి అంచున నొక మినుకు కనబడెను. నాలుగవ ద్వీపపు దీపము. శేషసాయి ఉత్కంఠతో లేచి నిలిచెను. వకుళ పిన్ని వ్రేళ్లవంక చూచెను. భ్రమరాంబ ఆ దీపమును కొంతసేపు ప్రేమతో చూచి కళ్లజోడు పైకి త్రోసికొని చుక్కానిని మెల్లగా మరల నడిసముద్రమువైపు త్రిప్పెను.